దూడ పంపాల్సిన కబురు

2006 వానాకాలం. నేను పశువైద్యురాలిగా ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది నిండలేదు. రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఒక రైతు సైకిల్ మీద వచ్చి తలుపు కొట్టాడు. "ఆవు మొహం వాచిపోయిందమ్మా, కళ్లు తెరవట్లేదు. గడ్డిలో పురుగేమైనా ముట్టిందేమో" అన్నాడు. కృష్ణా జిల్లాలో ఒక పల్లె. పేరు రాయను, ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

కరెంటు లేదు. ఆయన భార్య లాంతరు పట్టుకుంది. జెర్సీ సంకర జాతి ఆవు, పేరు గౌరి, అప్పటికి మూడు ఈతలు ఈనింది. కనురెప్పలు బూరెల్లా ఉబ్బాయి. మెడ మీద, పక్కల మీద రూపాయి బిళ్లంత దద్దుర్లు. పొదుగు బిర్రుగా ఉంది, చన్నుల నుంచి పాలు కారుతున్నాయి. పాము కాటైతే వాపు కాటు పడిన చోట ఉంటుంది, ఇలా ఒళ్లంతా ఒకేసారి లేవదు. "పాలు పిండటం ఎప్పుడు ఆపారు?" అని అడిగాను. "మొన్న శనివారం నుంచి పిండట్లేదమ్మా, ఎండబెడదామని" అన్నాడు.

సంగతి అర్థమైంది. జెర్సీ రక్తం ఉన్న కొన్ని ఆవులకి తమ పాలే తమకి పడవు. పిండటం ఆపగానే పొదుగులో ఒత్తిడి పెరిగి, పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ తిరిగి రక్తంలోకి వెళ్తుంది. శరీరం దాన్ని పరాయిదిగా చూస్తుంది. దద్దుర్లు, వాపు, ఒక్కోసారి ఆయాసం. వైద్యం మాత్రం తేలిక. పాలు పూర్తిగా పిండెయ్యాలి, అలర్జీని తగ్గించే ఎవిల్ ఇంజెక్షన్ వెయ్యాలి. ఊపిరి ఆడని స్థితికి వస్తే అడ్రినలిన్. అంతే.

పాలు పిండించాను. ఎవిల్ వేశాను. అయినా నాకు టెన్షన్ తగ్గలేదు. ఆవు గురగురమంటోంది, ఇంటిల్లిపాదీ నా మొహంలోకి చూస్తున్నారు. పెట్టెలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సీసా ఉంది. మిల్లీలీటరుకు 4 మిల్లీగ్రాముల మందు. 5 మిల్లీలీటర్లు ఎక్కించాను. అంటే 20 మిల్లీగ్రాములు.

తెల్లారేసరికి వాపు దిగిపోయింది. ఆవు గడ్డి మేస్తోందని ఆయన పొద్దున్నే వచ్చి చెప్పి, సంచిలో సొరకాయ ఇచ్చి వెళ్లాడు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

మూడో రోజు తెల్లవారుజామున మళ్లీ వచ్చాడు. ఆవు ఈనింది. నెల ముందుగా. దూడ చిన్నది, నిలబడలేదు, చన్ను పట్టలేదు. గొట్టంతో జున్నుపాలు పట్టాం, గోనెపట్టా కప్పాం. మర్నాడు సాయంత్రం పోయింది. గౌరికి మాయ కూడా పడలేదు. పది రోజులు జ్వరం, దుర్వాసన, ఇంజెక్షన్లు. ఆ ఈతలో పాలు సగానికి పడిపోయాయి.

గౌరి చూడిదని నాకు తెలుసు. కడుపు కనపడుతూనే ఉంది. ఎన్నో నెల అని మాత్రం అడగలేదు. పాలు మొన్నటిదాకా పిండారు కాబట్టి ఆరో నెలో ఏడో నెలో అయి ఉంటుందని నాకు నేనే అనుకున్నాను. నిజానికి ఇంట్లో డబ్బు అవసరమై వాళ్లు ఎనిమిది నెలలు దాటేదాకా పిండారు. చివరి నెలల చూడి ఆవుకి డెక్సా వేస్తే ఈనేస్తుందని గన్నవరం కాలేజీలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను.

అది ఎందుకు జరిగిందో ఆ తర్వాత వారం రోజులు పుస్తకాలు ముందేసుకుని మళ్లీ చదివాను. పరీక్ష కోసం చదివినప్పుడు ఎక్కనిది అప్పుడు ఎక్కింది.

ఆవు ఎప్పుడు ఈనాలో నిర్ణయించేది తల్లి కాదు. దూడ. కడుపులో నెలలు నిండేసరికి దూడ మూత్రపిండాల పక్కనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును ఎక్కువగా తయారుచేయడం మొదలుపెడతాయి. దూడ ఊపిరితిత్తులు, పేగులు బయటి బతుక్కి సిద్ధం కావడానికి అదే తోడ్పడుతుంది. అదే కార్టిసాల్ మాయకి చేరి, అక్కడ గర్భాన్ని నిలిపి ఉంచే ప్రొజెస్టెరాన్‌ను ఈస్ట్రోజన్‌గా మార్చే ఎంజైములను లేపుతుంది. ఆ వెంటనే ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం పెరుగుతుంది, గర్భసంచి కదలడం మొదలవుతుంది. "నేను సిద్ధం" అని దూడ తల్లికి పంపే కబురు అది.

డెక్సామెథసోన్ అంటే ప్రయోగశాలలో తయారుచేసిన కార్టిసాల్ లాంటి మందే. కాకపోతే సహజమైన దానికంటే 25 రెట్లకు పైగా బలమైనది, ఒంట్లో ఒకటిన్నర రోజు దాటి పనిచేస్తుంది. మాయను దాటి లోపలికి వెళ్తుంది. ఆ రాత్రి దూడ పంపాల్సిన కబురు నేను పంపాను. దూడ సిద్ధంగా లేదు.

ఈ సంగతి మొదట కనిపెట్టింది గొర్రెల్లో. న్యూజిలాండ్‌లో గ్రాహం లిగ్గిన్స్ అనే ప్రసూతి వైద్యుడు, ప్రసవం ఎలా మొదలవుతుందో తెలుసుకోవాలని 1960లలో కడుపులో ఉన్న గొర్రెపిల్లలకి ఈ హార్మోన్లు ఎక్కించి చూశాడు. గొర్రెలు ముందే ఈనాయి. ఆయన్ని ఆశ్చర్యపరిచింది అది కాదు. అంత నెలలు తక్కువ పిల్ల ఊపిరి తీసుకోకూడదు, కానీ తీసుకుంటోంది. స్టెరాయిడ్ దాని ఊపిరితిత్తులను ముందే పండించింది. అక్కణ్ణుంచి 1972లో లిగ్గిన్స్, రాస్ హోవీ కలిసి నెలలు నిండకుండా కాన్పయ్యే తల్లులకి బీటామెథసోన్ ఇచ్చి చేసిన పరిశోధన ప్రచురించారు. ఇవాళ మన ఆసుపత్రుల్లో ఏడో నెలలో నొప్పులొచ్చిన అమ్మాయికి తుంటికి వేసే సూది అదే కుటుంబానిది. మనుషుల్లో ప్రసవం మొదలయ్యే తీరు వేరు కాబట్టి ఆ మందు తల్లికి నొప్పులు తెప్పించదు, బిడ్డ ఊపిరితిత్తులను మాత్రం తయారుచేస్తుంది. ఎన్ని లక్షల మంది పిల్లలు బతికారో. ఒక గొర్రెపిల్ల ఊపిరి దగ్గర మొదలైన మాట అది. ఈ కథ చదివినప్పుడల్లా గౌరి దూడ గుర్తొస్తుంది. దానికి నేను ఇచ్చిన రెండు రోజుల గడువులో ఊపిరితిత్తులు కొంచెం పండాయి కాబోలు, ఒకటిన్నర రోజు బతికింది.

రైతుకి ఆ రోజు నిజం చెప్పలేకపోయాను. మూడు వారాల తర్వాత, ఆవు కోలుకున్నాక, వాళ్ల అరుగు మీద కూర్చుని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీరు రాకపోతే ఆవే పోయేదేమో కదమ్మా" అన్నాడు. పోయేది కాదు. పాలు పిండి ఎవిల్ వేస్తే సరిపోయేది. ఆ మాట కూడా ఆయనకి చెప్పాను.

అసలు స్టెరాయిడ్ వాపును ఎలా తగ్గిస్తుంది? డెల్టాలో పుట్టినదాన్ని కాబట్టి నాకు ఇది కాలువల లెక్కలోనే అర్థమైంది. ఒంట్లో ఎక్కడైనా దెబ్బ తగిలినా, క్రిమి చేరినా, అక్కడి కణాల పొరలోని కొవ్వు నుంచి అరాకిడోనిక్ ఆమ్లం విడుదలవుతుంది. అది రెండు కాలువల్లో పారుతుంది. ఒక కాలువలో ప్రోస్టాగ్లాండిన్లు తయారై నొప్పి, జ్వరం, ఎర్రదనం తెస్తాయి. ఇంకో కాలువలో ల్యూకోట్రయీన్లు తయారై వాపుని, తెల్ల రక్తకణాలని పిలుస్తాయి, ఊపిరి గొట్టాలను బిగిస్తాయి. మెలాక్సికామ్ లాంటి మామూలు నొప్పి మందులు మొదటి కాలువ తూము మూస్తాయి. స్టెరాయిడ్ అలా కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువల గేట్లన్నీ దించితే బందరు కాలువా ఎండుతుంది, ఏలూరు కాలువా ఎండుతుంది, అవతల గుంటూరు వైపూ ఎండుతుంది. అది పైనే ఆపేస్తుంది.

ఎలా ఆపుతుందంటే, స్టెరాయిడ్ కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి కణం పొర దాటి నేరుగా లోపలికి వెళ్తుంది. అక్కడ తన కోసం ఎదురుచూసే గ్రాహకాన్ని పట్టుకుని కేంద్రకంలోకి చేరి, ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో మార్చేస్తుంది. వాపుని పెంచే ప్రొటీన్ల తయారీ ఆగిపోతుంది. వాపుని అణిచే అనెక్సిన్ లాంటివి తయారవుతాయి. ఆ గేట్లు దించేది ఇదే. కొత్త ప్రొటీన్లు తయారు కావాలి కాబట్టి దీనికి గంటల సమయం పడుతుంది. అందుకే ఊపిరి ఆగిపోతున్న జంతువుకి ముందు అడ్రినలిన్. స్టెరాయిడ్ ఆ తర్వాతి సంగతి. సూది తీసిన ఐదు నిమిషాల్లో లేచిందంటే అది స్టెరాయిడ్ గొప్పతనం కాదు.

గేట్లు దించితే వరదే కాదు, పంటకి వెళ్లే నీళ్లూ ఆగుతాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. వాపు అనేది ఒంటికి శత్రువు కాదు. పుండు మానడానికి, క్రిమిని చంపడానికి శరీరం చేసే పనే అది. కీలుకి నొప్పి చేసినా, చర్మానికి అలర్జీ వచ్చినా ఆ పని హద్దు దాటుతుంది, అప్పుడు ఆపాలి. రక్తంలో సూక్ష్మజీవి ఉన్నప్పుడు ఆపితే?

మా ప్రాంతంలో థైలేరియా ఎక్కువ. గోమార్ల వల్ల సంకర జాతి ఆవులకి వచ్చే జ్వరం. 105, 106 డిగ్రీలు కాస్తుంది, భుజం ముందు బిళ్లలు కోడిగుడ్డంత లేస్తాయి. ఒక పెయ్యకి మేత మానేసిందని ఎవరో వరుసగా రెండు రోజులు డెక్సా వేశారు. ఎవరన్నది ఇప్పుడు అనవసరం. మొదటి రోజు సాయంత్రానికే జ్వరం దిగింది, దాణా తింది. "ఒక్క సూదితో లేపాడు" అని ఊరంతా చెప్పుకున్నారు. మూడో రోజు పడిపోయింది. నేను వెళ్లేసరికి చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. బుపార్వాక్వోన్ వేసి, పక్కింటి ఎద్దు రక్తం మూడు లీటర్లు ఎక్కించి, నాలుగు రోజులు దాని పక్కనే ఉంటే బతికింది. మొదటి రోజే రక్తం చుక్క అద్దం మీద పూసి చూసి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

డెక్సా వేసిన పశువు మేత ఎందుకు తింటుందో రైతులకి చెప్పాలి. స్టెరాయిడ్ ఆకలి పెంచుతుంది, జ్వరం దించుతుంది, కాస్త హుషారు తెస్తుంది. జబ్బు మాత్రం ఎక్కడిది అక్కడే ఉంటుంది. పైగా రక్తపరీక్ష చేస్తే తెల్లకణాలు పెరిగినట్టు కనిపిస్తాయి. నిజానికి రక్తనాళాల గోడలకి అంటుకుని, ఎక్కడ అవసరమైతే అక్కడికి దూరాల్సిన కణాలు దూరలేక ప్రవాహంలో తిరుగుతుంటాయి, అందుకే లెక్కకి ఎక్కువ వస్తాయి.

కోవిడ్ రోజుల్లో ఈ మాట మనుషుల విషయంలోనూ అందరూ చూశారు. 2020 జూన్‌లో, బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' అనే పరిశోధన ఫలితం వచ్చింది. రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలను మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మాత్రం మేలు కనపడలేదు. అంత చవక మందు, అంత మేలు. కానీ 2021లో మన దగ్గర జ్వరం వచ్చిన మొదటి రోజే ఇంట్లో కూర్చుని అదే మింగినవాళ్లు ఎందరో. షుగరు పెరిగి, ఒంటి కాపలా తగ్గి, బ్లాక్ ఫంగస్‌తో కళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాం. పశువుల్లో నేను పదిహేనేళ్లుగా చూస్తున్నదే అప్పుడు మనుషుల్లో చూశాను.

ఇంత చెప్పాక స్టెరాయిడ్ చెడ్డదని అనుకుంటారేమో. అలా అనుకోకండి, అది నాకు ఇంకా బాధ. ఈనిన మూడు వారాలకి బాగా పాలిచ్చే ఆవు ఉన్నట్టుండి దాణా మానేసి, గడ్డి మాత్రం కొరుకుతూ చిక్కిపోతుంది. దగ్గరికి వెళ్తే దాని ఊపిరిలో గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన వస్తుంది. మూత్రంలో రోథెరా పొడి వేస్తే ఊదారంగు తిరుగుతుంది. కీటోసిస్. పాలలోకి పోయే చక్కెర ఎక్కువై, తినేది చాలక, ఒంటి కొవ్వు కరిగి కీటోన్లుగా మారుతుంది. అప్పుడు గ్లూకోజ్ సీసా ఎక్కించి, నోటి ద్వారా ప్రొపిలీన్ గ్లైకాల్ పోసి, అవసరమైతే ఒకే ఒక్క మోతాదు డెక్సా వేస్తే, కాలేయం కొత్తగా చక్కెర తయారుచేయడం పెరుగుతుంది, పాలు కాస్త తగ్గి ఆవు నిలదొక్కుకుంటుంది. షుగరు పెంచుతుందని మనుషుల్లో భయపడే గుణమే ఇక్కడ పనికొస్తుంది. ఈనిన ఆవు కాబట్టి గర్భం భయమూ లేదు. ఆఖరికి గౌరి విషయంలో నష్టం చేసిన గుణం కూడా, తల్లి ప్రాణం మీదకి వచ్చినప్పుడు, గడువు దాటినా ఈననప్పుడు, తెలిసి వాడితే మంచిదే. మాయ పడకపోవచ్చని ముందే చెప్పి వాడతాం.

పల్లెల్లో పదకొండేళ్లు చేసి బెజవాడ వచ్చాను. ఇప్పుడు చిన్న క్లినిక్, ఎక్కువగా కుక్కలు, పిల్లులు. అక్కడ డెక్సా అంటే మోజు, ఇక్కడ స్టెరాయిడ్ అంటే హడల్. "మేడం, ఏదైనా రాయండి, స్టెరాయిడ్ మాత్రం వద్దు" అని లోపలికి వస్తూనే అంటారు. ఆ రెండూ ఒకే కుక్కలో చూసిన రోజు చెబుతాను.

టైగర్ అని ఒక లాబ్రడార్. ఏడేళ్లది. రెండేళ్ల కిందట ఎక్కడో దురదకని ప్రెడ్నిసొలోన్ రాశారు, పది రోజులకి. తగ్గింది. ఆపితే మళ్లీ వచ్చింది. ఇంట్లోవాళ్లు పాత చీటీ చూపించి మందుల షాపులో కొంటూ రెండేళ్లు వాడారు. టైగర్ బిందెలకి బిందెలు నీళ్లు తాగేది, ఇంట్లోనే మూత్రం పోసేది, ఎంత పెట్టినా ఆకలి అనేది. కడుపు జారింది, తొడల్లో కండ కరిగింది, బొచ్చు రాలి చర్మం ఉల్లిపొరలా పలచబడింది. వయసు అనుకున్నారు. ఒక రోజు వాళ్లబ్బాయి ఏదో వీడియోలో స్టెరాయిడ్ విషమని విని, ఆ రోజే మాత్రలు చెత్తబుట్టలో పడేశాడు. ఐదో రోజు వాంతులు, వణుకు, లేవలేకపోవడం. నా దగ్గరికి చేతుల మీద మోసుకొచ్చారు.

కారణం ఇది. బయటి నుంచి స్టెరాయిడ్ రోజూ వస్తుంటే, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి అడ్రినల్ గ్రంథులకి పని చెప్పడం మానేస్తుంది. పనిలేని గ్రంథులు కుంచించుకుపోతాయి. ఇటు మాత్ర హఠాత్తుగా ఆగితే, అటు సొంత కార్టిసాల్ లేదు. కార్టిసాల్ లేకుండా ఏ జంతువూ చిన్న కష్టాన్ని కూడా తట్టుకోలేదు. టైగర్‌కి సెలైన్ ఎక్కించి, ఏ మందు ఆపితే పడిందో ఆ మందే సూదిలో ఇచ్చాను. ఆ అబ్బాయి "మళ్లీ అదే ఇస్తున్నారా ఆంటీ?" అని ఏడ్చాడు. తప్పు వాడిది కాదు. తర్వాత ఐదు నెలలు మోతాదు కొంచెం కొంచెం దించుతూ, రోజు విడిచి రోజుకి తెచ్చి, చివరికి మాన్పించాం. బొచ్చు మళ్లీ వచ్చింది.

ప్రెడ్నిసొలోన్ మోతాదు ఎంత అన్నది జబ్బుని బట్టి మారుతుంది. అలర్జీకి కిలో బరువుకి అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము. తన ఎర్ర రక్తకణాలను తన శరీరమే చంపుకునే జబ్బులో రెండు మిల్లీగ్రాముల దాకా వెళ్తాం. అక్కడ స్టెరాయిడ్ వద్దంటే కుక్క దక్కదు. ఇంకో ముఖ్యమైన మాట, స్టెరాయిడ్‌తో పాటు మెలాక్సికామ్ లాంటి నొప్పి మందు కలిపి ఇవ్వకూడదు. కడుపు లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్‌ను రెండూ కలిసి ఆపేస్తాయి. పేగుకి చిల్లు పడి చచ్చిపోయిన కుక్కలున్నాయి. పశువులకి కూడా ఈ రెండూ ఒకే సిరంజిలో కలిపి వేయడం చూశాను. ఒకటి ఇచ్చి రెండో దానికి మారాలంటే మధ్యలో కొన్ని రోజులు ఖాళీ ఉండాలి.

కంటి చుక్కల గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఒక పగ్ కుక్కకి కన్ను ఎర్రబడిందని, ఇంట్లో తాతగారికి ఆపరేషన్ తర్వాత మిగిలిన చుక్కలు వేశారు. అందులో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సా ఉంది. పగ్ కళ్లు ముందుకి పొడుచుకుని ఉంటాయి, ఇట్టే గీసుకుపోతాయి. నల్లగుడ్డు మీద గీత ఉన్నప్పుడు స్టెరాయిడ్ పడితే, పుండు మానదు సరికదా, కంటి పొరను తినేసే ఎంజైములు పెరిగి గుడ్డు మెత్తబడి కరిగిపోతుంది. ఫ్లోరెసిన్ అనే రంగు పూసిన కాగితం తడిపి అంటిస్తే పుండున్న చోట పచ్చగా మెరుస్తుంది. రెండు నిమిషాల పరీక్ష. నా దగ్గరికి వచ్చేసరికి ఐదు రోజులైంది. ఆ కన్ను తీసెయ్యాల్సి వచ్చింది. పశువుకైనా కుక్కకైనా, ఆ పచ్చరంగు పరీక్ష చేయకుండా స్టెరాయిడ్ చుక్క వేయకండి. వేయనివ్వకండి.

దురదకి ఇప్పుడు కొత్త దారులొచ్చాయి. కుక్క చర్మంలో దురదను మెదడుకి చేరవేసే ముఖ్యమైన దూత ఇంటర్‌ల్యూకిన్-31. 2013లో అమెరికాలో అనుమతి పొందిన ఒక్లాసిటినిబ్ అనే మాత్ర, ఆ దూత కణం తలుపు తట్టాక లోపలికి వార్త మోసే జేక్ ఎంజైమును ఆపుతుంది. కొన్ని గంటల్లోనే గోకడం తగ్గుతుంది. టైగర్‌కి తర్వాత అదే వాడాం. 30 కిలోల కుక్కకి 16 మిల్లీగ్రాముల మాత్ర, మొదటి రెండు వారాలు రెండు పూటలా, తర్వాత రోజుకి ఒకటి. బిందెల నీళ్లు లేవు, విపరీతమైన ఆకలి లేదు. ఏడాది నిండని కుక్కపిల్లలకి ఇవ్వకూడదు, పెద్ద ఇన్‌ఫెక్షన్ ఉంటే వాడకూడదు. లోకివెట్‌మాబ్ అనే సూది ఇంకా సూటిగా పనిచేస్తుంది. అది ఒక యాంటీబాడీ, ఇంటర్‌ల్యూకిన్-31ని దారిలోనే పట్టేస్తుంది, నెలో అంతకంటే ఎక్కువో పనిచేస్తుంది. సైక్లోస్పోరిన్ పాతది, ఒంటికి కాపలా కాసే టి కణాలను అణుస్తుంది, కానీ గుణం కనపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అంత ఓపిక అందరికీ ఉండదు. ఎవిల్, సెట్రిజిన్ లాంటివి దద్దుర్లకి మంచివే, కుక్కల చర్మ అలర్జీలో మాత్రం వాటి బలం తక్కువ.

ఈ కొత్తవి ఖరీదైనవి. ఖరీదు సంగతి ఒక ఎత్తు, అవి కూడా దురదనే ఆపుతాయి, దురద ఎందుకొచ్చిందో చెప్పవు. మా బెజవాడ ఉక్కలో చర్మం మీద ఫంగస్, గోమార్లు, గజ్జి పురుగు ఏవైనా ఉండొచ్చు. డెమోడెక్స్ గజ్జి ఉన్న కూనకి దురద సూది పేరుతో మూడుసార్లు స్టెరాయిడ్ వేస్తే, ముక్కు మీద రూపాయంత ఉన్న మచ్చ ఒళ్లంతా పాకిన సందర్భాలు ఎన్నో చూశాను. బ్లేడుతో చర్మం గీకి మైక్రోస్కోప్ కింద పెడితే చుట్ట ఆకారంలో పురుగులు కదులుతూ కనిపిస్తాయి. అంత చిన్న పని.

పిల్లుల సంగతి ఒక్క ముక్క. వాటికి ప్రెడ్నిసోన్ కాదు, ప్రెడ్నిసొలోన్ ఇవ్వాలి. మొదటి దాన్ని రెండో దానిగా మార్చుకునే శక్తి వాటి ఒంట్లో తక్కువ. ఆస్తమా ఉన్న పిల్లికి మూతి మీద చిన్న మాస్కు పెట్టి ఫ్లూటికసోన్ ఇన్‌హేలర్ ఇస్తే మందు ఊపిరితిత్తులకే పోతుంది, షుగరు వచ్చే భయం బాగా తగ్గుతుంది.

మీ ఇంట్లో పశువున్నా, కుక్క ఉన్నా, వేసిన ప్రతి సూది పేరు ఒక నోట్‌బుక్‌లో రాయించుకోండి. డాక్టరు గారిని అడగడానికి మొహమాటం వద్దు. ఇందులో స్టెరాయిడ్ ఉందా, ఎన్నాళ్లు, ఎలా ఆపాలి, పాలు ఎన్ని రోజులు కేంద్రానికి పోయకూడదు. చూడిదైతే ఎన్నో నెల అన్నది అడగకముందే చెప్పండి. నాలాంటి కొత్త డాక్టరు అడగడం మర్చిపోవచ్చు.

గౌరి ఆ తర్వాత మళ్లీ కట్టింది, పెయ్యదూడని ఈనింది. 2009 నవంబరులో ఆ పెయ్యకి, అప్పటికి అది చూడి పడ్డ, కందిరీగలు కుట్టి మూతి వాచిందని కబురొచ్చింది. వెళ్లాను. పాక అదే, ఈసారి కరెంటు ఉంది. పెట్టె తెరిచి సిరంజి తీస్తున్నాను. ఆయన నాకూ పడ్డకీ మధ్య నిలబడి, తల ఎత్తి పాక దూలం వైపు చూశాడు. అక్కడ సుద్దముక్కతో పెద్ద అక్షరాలు. గట్టిగా చదివాడు.

"మార్చి 11న కట్టించాం. ఇవాళ్టికి ఎనిమిది నెలలు నిండాయమ్మా."

చేతిలోకి తీసుకున్న సీసా లోపల పెట్టి, ఎవిల్ తీశాను.